జేబులో ఇరిడియం

1984 వేసవి. తిరుపతిలోని ఒక పెద్దాసుపత్రిలో, కోబాల్ట్ యూనిట్‌లో నేను ఫిజిసిస్టుగా చేరి అప్పటికి కొన్నేళ్లయింది. ఫిజిసిస్టు డాక్టరు కాదు. క్యాన్సర్ రోగికి రేడియేషన్ ఎంత ఇవ్వాలి, ఏ కోణం నుంచి ఇవ్వాలి, ఎంతసేపు ఇవ్వాలి అని లెక్క కట్టే మనిషి. ఆ గదిలో పనిచేసేవాళ్లకూ, తలుపు బయట బల్లమీద కూర్చున్నవాళ్లకూ కిరణాలు సోకకుండా చూడటం కూడా నా పనే. మాది చిత్తూరు. మా నాయనకు మామిడికాయల మండీ ఉండేది. కూతురు ఫిజిక్సు చదివి ఆసుపత్రిలో ఏం చేస్తుందో ఆయనకు చివరిదాకా సరిగ్గా అంతుబట్టలేదు. ఎవరైనా అడిగితే "మా పాప లైటు డాక్టరు" అని చెప్పేవాడు.

ఒక పొద్దున మా సర్జన్ గారు నా గది తలుపు తట్టారు. రిటైరవడానికి దగ్గరపడిన మనిషి, మాట తక్కువ.

"మీ కోబాల్ట్ రోగి ఎవరైనా దారి తప్పి నా వార్డులో పడ్డాడేమో వచ్చి చూడమ్మా" అన్నారు.

"ఏమైంది సార్?"

"కాలిన గాయం. నిప్పు తగల్లేదంటాడు, వేణ్ణీళ్లు పడలేదంటాడు, యాసిడ్ ముట్టుకోలేదంటాడు. చర్మం చూస్తే మాత్రం మీ దగ్గర మోతాదు మించిన చర్మంలా ఉంది."

మగవాళ్ల సర్జికల్ వార్డులో కిటికీ పక్క మంచం. దానిమీద ముప్పై ఏళ్ల మనిషి. బక్కపల్చన, చేతులు మాత్రం ఉక్కులా ఉన్నాయి. పేరు మునిరత్నం, తడ పక్కన పల్లె. అతని భార్య చెంగమ్మ కాళ్ల దగ్గర కూర్చుని అట్టముక్కతో ఈగలు తోలుతోంది. సర్జన్ గారు గుడ్డ తొలగించారు. కుడి తొడ ముందు భాగాన అరచేయంత పుండు. నడుమ నల్లగా చచ్చిన మాంసం, చుట్టూ పచ్చిగా తడి, దాని బయట రాగిరంగు వలయం. కుడిచేతి బొటనవేలి కొసా చూపుడువేలి కొసా కూడా బొబ్బలెక్కి పగిలి ఉన్నాయి.

తొడ, రెండు వేళ్ల కొసలు. ఆ మూడు చోట్లూ కలిపి చూసేసరికి నాకు సంగతి అర్థమైంది. వేళ్లతో దేన్నో ఎత్తి జేబులో వేసుకున్న మనిషికే ఆ మూడు చోట్లా కాలుతుంది.

"ఎన్నాళ్లయిందప్పా ఇది మొదలై?" అని అడిగాను.

"మూడు వారాల పైనే అయిందమ్మా. మొదట ఎర్రగా కమిలినట్టుండె. రెండు దినాలకి అదే పోయింది. సరేలే అనుకుంటి. మళ్లా బొబ్బ లేసింది. మా ఊరి కాంపౌండరు పురుగు ముట్టిందని ఆయింట్‌మెంట్ ఇచ్చినాడు. పూసేకొద్దీ లోపలికి తింటా ఉండాది."

"ఏం పని చేస్తావు?"

"నాయుడుపేట దాటినాక కొత్తగా ఫ్యాక్టరీ కడతా ఉండారు గదా, ఆడ పైపులెత్తే పనమ్మా. చెయిన్ పుల్లీ లాగతాము."

"ఆ పైపుల అతుకులకి ఫోటోలు తీసేవాళ్లు వస్తారా?"

"వస్తారు. సాయంత్రం మేమందరం పొయినాక తీస్తారు. చిన్న పెట్టె, కానీ ఇద్దరు మొయ్యాల, అంత బరువు."

"ఆడ కింద పడిన వస్తువేదైనా ఎత్తుకున్నావా?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె "చెప్పు, దాందేముండాది" అంది.

"ఎత్తినానమ్మా. వేలంత స్ప్రింగు వైరు. కొసన మిరియం గింజంత గుండు. తళతళా మెరస్తా ఉండె. ఏదో మిషన్ సామాను, పోతే వాళ్లు దేవులాడుకుంటారని ప్యాంటు జేబులో ఏసుకుంటి. పొద్దున టీ తాగినాక దొరికింది. మధ్యాన్నం అన్నం వేళకి ఆ ఫోటోల ఇంజనీరు కనపడితే, ఇది మీదేనా సార్ అని చెయ్యి చాపినా."

"అప్పుడాయనేం చేసినాడు?"

"పామును సూసినట్టు ఎనక్కి దూకినాడమ్మా. 'పడెయ్, ఆడ పడెయ్, దూరం పో' అని అరిసినాడు. నేను పడేసినా. ఏం సార్ అది అంటే, 'నీకెందుకు, పొయ్యి పని సూసుకో' అన్నాడు. ఆ పొద్దు సాయంత్రం వాంతులైనాయి. ఎండకి పైత్యం చేసిందనుకుంటి."

సర్జన్ గారు నా ముఖం చూశారు. నేను ఆయన ముఖం చూశాను. ఆ ఇంజనీరుకు ఆ క్షణానే అంతా తెలుసు. ఆ వస్తువేమిటో తెలుసు, అది జేబులో ఉన్న మనిషికి ఏమవుతుందో తెలుసు. తెలిసి, అతన్ని పని చూసుకోమని పంపించాడు. నలభై ఏళ్లు కావస్తున్నా ఆ మాట తలచుకుంటే నా ఒళ్లు మండుతుంది.

అదేం వస్తువో ఇక్కడ చెప్పాలి. ఒకే మూలకానికి చెందిన పరమాణువులన్నీ ఒకే బరువుండవు. రసాయనికంగా ఒక్కలాగే నడుచుకుంటాయి గానీ, నడుమ ఉండే కేంద్రకం కొన్నింటిలో బరువు, కొన్నింటిలో తేలిక. ఇలాంటి రకాలను ఐసోటోపులంటారు. వాటిలో కొన్ని కుదురుగా ఉంటాయి. కొన్ని ఉండలేవు. కేంద్రకంలో ఎక్కువైన శక్తిని కిరణాల రూపంలో విసిరేసి కుదుటపడతాయి. అదే రేడియోధార్మికత. మా యూనిట్‌లో ఉండేది కోబాల్ట్-60. మునిరత్నం జేబులో పడింది ఇరిడియం-192. రెండూ గామా కిరణాలు వదిలేవే. గామా కిరణానికి రంగు లేదు, వాసన లేదు, తగిలినప్పుడు వేడి కూడా తెలియదు.

ఇలాంటివి గనుల్లో దొరకవు. అణు రియాక్టర్‌లో తయారవుతాయి. యురేనియం కేంద్రకానికి న్యూట్రాన్ అనే కణం తగిలితే అది రెండుగా చీలుతుంది. చీలినప్పుడు వేడి పుడుతుంది, మరో రెండు మూడు న్యూట్రాన్లు బయటపడతాయి. అవి పోయి ఇంకొన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఆ వరసను అదుపు లేకుండా వదిలితే బాంబు. కొన్ని న్యూట్రాన్లను మింగేసే కడ్డీలు దించి కళ్లెం వేస్తే రియాక్టర్. ఆ వేడితో నీళ్లు కాచి, ఆవిరితో టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు. మద్రాసు దగ్గర కల్పాక్కంలో ఆ రోజుల్లోనే అలా కరెంటు తీయడం మొదలైంది. ఆ న్యూట్రాన్ల మధ్య మామూలు ఇరిడియం ముక్క పెడితే, కొన్నాళ్లకు అది ఇరిడియం-192 అవుతుంది. దాన్ని మిరియం గింజంత ఉక్కు గొట్టంలో పెట్టి మూసి, వేలంత వైరుకు తగిలించి, సీసం లాంటి బరువైన లోహాలతో చేసిన పెట్టెలో దాస్తారు. ఆ పెట్టెను రేడియోగ్రఫీ కెమెరా అంటారు. పైపు అతుకు పక్కకు ఆ గింజను ఒక గొట్టం గుండా తోసి, అవతలి పక్క ఫిల్ము పెడితే, ఎక్స్‌రేలో ఎముక విరిగిన చోటు కనపడినట్టు, ఉక్కులో పగులు కనపడుతుంది. పని కాగానే గింజను పెట్టెలోకి లాగేసుకోవాలి. లాగాక, అది నిజంగా లోపలికి వచ్చిందా లేదా అని సర్వే మీటరుతో చూడాలి. రేడియేషన్ ఉంటే సూది లేచే చేతి పరికరం అది. ఈ సైటులో దాన్ని లాగే పొడవు తీగ నుంచి ఆ వైరు ఊడిపోయి, గింజ గొట్టంలోనే ఉండిపోయింది. మీటరుతో చూసినవాడు లేడు. గొట్టం చుట్టి మోసుకుపోతుంటే అది నేలమీద జారిపడింది. ఈ మాట మాకు తర్వాత తెలిసింది.

మునిరత్నం రక్తం పరీక్ష చేయించాం. తెల్లకణాలు తగ్గి మళ్లీ లేస్తున్నాయి. ప్రాణానికి గండం గడిచినట్టే. ఇక కాలి మాట. సర్జన్ గారు నన్ను పక్కకు పిలిచి సూటిగా అడిగారు.

"పైకి కనపడే పుండు వేరు, లోపల చచ్చిన మాంసం వేరు. ఎంత లోతు కొయ్యాలో నాకు తెలియాలి. తక్కువ కోస్తే పుండు మళ్లీ తిరగబెడుతుంది. ఎక్కువ కోస్తే కాలు పోతుంది. నీ లెక్క చెప్పు."

ఆ లెక్కకు నాకు ఒక్క సంగతి కావాలి: ఆ రోజు ఆ గింజ బలమెంత? ఇరిడియం బలం రెండున్నర నెలలకొకసారి సగానికి పడిపోతుంది. దాన్ని హాఫ్ లైఫ్ అంటారు. కొత్త గింజకూ ఏడాది నాటి గింజకూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఆ సంగతి కంపెనీవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ట్రంక్ కాల్ బుక్ చేసి వాళ్ల సైటు ఆఫీసుతో మాట్లాడాను. "మా సైటులో అలాంటి సంఘటన ఏదీ జరగలేదండీ" అన్నారు అటుపక్క. మనిషి కాలు నిలవడానికి ఒక్క అంకె చెప్పమని అడిగాను. ఫోను పెట్టేశారు.

ఆ రోజే బొంబాయిలో రేడియేషన్ భద్రత చూసే అధికారులకు టెలిగ్రాం కొట్టించాను.

ఈలోపు ఆసుపత్రిలోనే ఇంకో అన్యాయం మొదలైంది. "ఆ కిటికీ పక్క మంచం మనిషి ఒంట్లో ఆటంబాంబు మందు ఉండాదంట" అని ఎవరో అన్నారు. సాయంత్రానికి పక్క మంచాలు ఖాళీ. మరుసటి రోజు నేను వెళ్లేసరికి మునిరత్నం మంచాన్ని వరండా చివరికి లాగేశారు. అక్కడ మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది. ఆయా అన్నం పళ్లెం నేలమీద పెట్టి, చీపురు కట్టతో ముందుకు తోస్తోంది. కట్టు మార్చడానికి ఎవరూ రాలేదు. చెంగమ్మే పాత చీర చింపి కట్టింది. ఆమెను కూడా కుళాయి దగ్గరికి రానివ్వలేదు.

నాకు కోపం ఆగలేదు. మా యూనిట్‌కు పోయి సర్వే మీటరు తెచ్చాను. వార్డు సిస్టర్‌ను, ఆయాను, తొంగిచూస్తున్న రోగులను, అందరినీ వరండాలోకి పిలిచాను. మీటరు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మా దగ్గర బలహీనమైన రేడియోధార్మిక బిళ్ల ఒకటి ఉండేది. మీటరు దాని దగ్గర పెడితే సూది గబుక్కున లేచింది. అందరూ వెనక్కి జరిగారు. తర్వాత అదే మీటరును మునిరత్నం తొడకు ఆనించాను. సూది కదల్లేదు. వేళ్ల దగ్గర పెట్టాను, కదల్లేదు. అతని మంచం మీదే కూర్చుని చెప్పాను.

"ఎండకు కమిలిన మనిషిని ముట్టుకుంటే మీకు ఎండ తగులుతుందా? ఇతనికి కిరణాలు తగిలినాయి, పోయినాయి. ఒంట్లో ఏమీ మిగల్లేదు. ఆ గింజ ఉక్కు గొట్టం పగిలి, లోపలి పొడి ఒంటికి అంటుకునో, కడుపులోకి పోయో ఉంటే అప్పుడు భయపడాల్సిందే. అది పగల్లేదు. సూది మీ కళ్ల ముందరే ఉంది."

సిస్టర్ తలవంచుకుని, "మాకు ఎవరు చెప్పారు మేడం?" అంది.

నిజమే, ఎవరూ చెప్పలేదు. రెండు గోడల అవతల రోజూ కోబాల్ట్ యంత్రం నడుస్తున్న ఆసుపత్రిలో ఈ మాట ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందుకే సిస్టర్ మీద నా కోపం నిలవలేదు. చెంగమ్మ కోపం మాత్రం నిలిచింది.

"ఈ మాట నిన్ననే అనింటే మా ఆయన ఈ ఎండలో మాడేవాడా తల్లీ?" అని అందరినీ చూసి అడిగింది. సిస్టరే స్వయంగా మంచం తలవైపు పట్టుకుని లోపలికి తోసుకుపోయింది. ఆ రోజు నుంచి కట్టు తానే మార్చేది.

రెండు దినాలకు కంపెనీ మేనేజరు వచ్చాడు. తెల్ల అంబాసిడర్ కారు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఆపిల్ పళ్ల సంచీ. మునిరత్నాన్ని చూడటానికి పోలేదు, నేరుగా నా గదికే వచ్చాడు.

"మేడం, మీరు చదువుకున్నవారు. ఇలాంటివి పెద్దవి చేస్తే దేశానికే చెడ్డపేరు. అణుశక్తి అంటేనే జనం భయపడే రోజులు. అతన్ని మేమే మద్రాసు తీసుకెళ్లి మంచి నర్సింగ్ హోంలో చూపిస్తాం."

"సోర్సు, అదే ఆ గింజ, బలమెంత?" అన్నాను.

"అది సాంకేతిక విషయం మేడం."

"నా ఉద్యోగమే అది. చెప్పండి."

అతను నవ్వాడు. "అతను చెప్పింది మీరు నమ్ముతున్నారు. కూలివాడు. మెరిసే వస్తువు కనపడితే జేబులో వేసుకునే రకం. మా సామాను మా దగ్గర్నుంచి పోయిందంటే దాన్నేమంటారు మేడం? దొంగతనం అంటారు."

పళ్ల సంచీ బల్లమీద పెట్టి పోయాడు. ఫోనులో జరగనే లేదన్న సంఘటన, ఇప్పుడు దొంగతనంగా జరిగిందన్నమాట. మరునాడు వార్డు గుమ్మం దగ్గర ఒక కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు. అణు సామగ్రి దొంగిలించాడని మునిరత్నం మీద కంపెనీ ఫిర్యాదు ఇచ్చిందట. కానిస్టేబుల్ పాపం చాలా దూరంగా కుర్చీ వేసుకున్నాడు.

"పైనోళ్లు కూసోమన్నారమ్మా, కూసున్నా. ఆయన దగ్గరికి పోతే పిల్లలు పుట్టరంట గదా, నిజమేనా?" అని నన్ను అడిగాడు.

మళ్లీ మీటరు తెచ్చి అతనికీ చూపించాల్సి వచ్చింది.

ఫిర్యాదు సంగతి మునిరత్నానికీ తెలిసింది. నొప్పికి ఎన్నడూ ఏడవని మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెంగమ్మ నాతో అంది: "పుండు మానతాది, మానకుంటే కాలు తీస్తారు. దొంగ అనే పేరు తీసేదానికి మీ తావ ఏం మందుండాదమ్మా? మా ఊరికి ఈ మాట మాకంటే ముందర పోతాది."

నా దగ్గర మందేమీ లేదు. సర్జన్ గారు మాత్రం కానిస్టేబుల్ దగ్గరికి పోయి, "నా రోగికి సంకెళ్లు వేసేవాడు ముందు నాకు వెయ్యాలి, మీ పెద్దవాళ్లకు చెప్పు" అన్నారు. ఆ పెద్దమనిషి గొంతు హెచ్చించడం నేను విన్నది ఆ ఒక్కసారే.

బొంబాయి నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. రాగానే ఆసుపత్రికి రాలేదు. ముందు సైటుకు పోయి, ఆ తర్వాత మా సూపరింటెండెంటు గదిలో అందరినీ కూర్చోబెట్టారు. నేను, సర్జన్ గారు, కంపెనీ మేనేజరు, చక్రాల కుర్చీలో మునిరత్నం, వెనక చెంగమ్మ. పెద్ద అధికారికి తెలుగు రాదు. ఆయన ఇంగ్లీషులో అడుగుతుంటే మునిరత్నానికీ చెంగమ్మకూ నేను తెలుగులో చెబుతూ వచ్చాను.

"ముందు రోజు పని అయ్యాక సోర్సు పెట్టెలోకి వచ్చిందని మీటరుతో చూశారా?" అని మేనేజరును అడిగారు.

"చూశాం సార్. మామూలుగా చేసేదే."

"సోర్సు లోపలే ఉంది?"

"ఉంది."

"పెట్టెకు తాళం వేశారు?"

"వేశాం."

"తాళంచెవి?"

"మా ఇంజనీరు దగ్గర."

"తాళం పగల్లేదు, పెట్టె పగల్లేదు, తాళంచెవి మీ దగ్గరే ఉంది. మరి ఇతను దేన్ని తెరిచి దొంగిలించాడు?"

రెండో అధికారి సంచీలోంచి సైటు మీటరు తీసి బల్లమీద పెట్టి వెనక మూత తెరిచాడు. లోపల ఖాళీ. బ్యాటరీలు లేవు. అవి ఎక్కడున్నాయో కూడా ఆయనే చెప్పాడు. పాటలు వినడానికి ఇంజనీరు గుడారంలోని ట్రాన్సిస్టర్ రేడియోలో ఉన్నాయట.

ఆ మాట నేను తెలుగులో చెప్పగానే చెంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాటల కోసం. రెండు బ్యాటరీలు ఆ మీటరులో ఉండి, ఎవడో ఒకడు దాన్ని గొట్టం పక్కన పెట్టి చూసి ఉంటే, సూది లేచేది. గింజ దొరికేది. మునిరత్నం పొద్దున్నే వచ్చి తన చెయిన్ పుల్లీ లాగుకునేవాడు.

అప్పుడు మునిరత్నం మొదటిసారి నోరు తెరిచాడు. మేనేజరు వైపు చూసే అడిగాడు.

"దొంగనైతే నేనే తెచ్చి మీ ఇంజనీరు చేతికి ఎందుకిస్తా సామీ? నేను చెయ్యి చాపితే ఆయన ఎనక్కి దూకినాడు. ఆయనకి తెలుసు గదా అదేందో. తెలిసినోడు నన్ను ఆస్పత్రికి ఎందుకు తోలకపాయె? నన్ను పనికి తోలినాడు. ఆ మధ్యాన్నం గూడా నేను పైపులెత్తినా."

నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పబోయాను. పెద్ద అధికారి చెయ్యెత్తి ఆపాడు. "అక్కర్లేదు, అర్థమైంది" అన్నాడు.

నాకు కావలసిన అంకె ఆ గదిలోనే దొరికింది. అదృష్టం ఒక్కటే: అది పాత సోర్సు. బలం చాలావరకు కరిగిపోయి, మార్చడానికి సిద్ధంగా ఉన్నది. కొత్తదై ఉంటే మునిరత్నం మా ఆసుపత్రి దాకా వచ్చేవాడు కాడు. ఆ రోజంతా కూర్చుని, తొడలో ఏ లోతున ఎంత డోసు పడి ఉంటుందో లెక్క కట్టాను. డోసు అంటే కండ పీల్చుకున్న కిరణాల మోతాదు. గింజకు దగ్గర్లో అది భయంకరంగా ఉంటుంది, దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ సూత్రమే అతని కాలును నిలిపింది. పెద్ద రక్తనాళం దాకా చావు పోలేదని తేలింది. సర్జన్ గారు కండను లోతుగా కోసి తీసి, పక్క కండను తిప్పి కప్పారు. బొటనవేలి కొస పోయింది. కాలు నిలిచింది.

వారం రోజులు ఆలస్యంగా నిలిచింది. ఆ వారంలో పుండు ఎంత తిన్నదో సర్జన్ గారికి తెలుసు, నాకు తెలుసు. ఫోనులో చెప్పడానికి ఒక్క నిమిషం పట్టే అంకె అది.

కంపెనీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. తప్పయిందని ఎవరూ వచ్చి చెప్పలేదు. కానిస్టేబుల్ కుర్చీ ఒక పొద్దున లేకుండా పోయింది, అంతే. కంపెనీ రేడియోగ్రఫీ చేయకూడదని కొన్ని నెలలు ఆపారు. తర్వాత అదే మనుషులు ఇంకో పేరుతో ఇంకో చోట పని మొదలుపెట్టారని విన్నాను. వెనక్కి దూకిన ఆ ఇంజనీరు ఒక్కసారి కూడా ఆసుపత్రికి రాలేదు. మునిరత్నం ఇక పైపులెత్తలేకపోయాడు. కుడికాలు పూర్తిగా వంగేది కాదు. ఊళ్లో చిల్లర సామాన్ల చిన్న బంకు పెట్టుకున్నాడు. దొంగ అనే మాట ఊరికి నిజంగానే వాళ్లకంటే ముందు చేరింది. దాన్ని తుడవడానికి చెంగమ్మ ఎన్ని వాకిళ్ల ముందు నిలబడి ఎంత గట్టిగా మాట్లాడిందో ఆమెకే తెలుసు.

కొన్నేళ్ల తర్వాత చిత్తూరు దగ్గర ఒక కొత్త ఫ్యాక్టరీవాళ్లు రేడియేషన్ భద్రత గురించి చెప్పమని నన్ను పిలిచారు. వెళ్లేసరికి హాల్లో కుర్చీల నిండా ఇంజనీర్లు. పైపులెత్తేవాళ్లు, మట్టి మోసేవాళ్లు బయట నీడన కూర్చుని ఉన్నారు. సైటు గేటుకు కట్టిన హెచ్చరిక బోర్డు ఇంగ్లీషులో ఉంది.

"ముందు వాళ్లను లోపలికి పిలవండి" అన్నాను.

"వాళ్లకేం అర్థమవుతుంది మేడం? ఊరికే భయపెట్టినట్టవుతుంది, రేపు పనికి రారు" అన్నాడు అక్కడి పెద్ద.

"అయితే నేను వెళ్తాను" అని సంచీ తీసుకున్నాను. అప్పుడు పిలిచారు. వాళ్లు సంకోచిస్తూ వచ్చి గోడ వెంబడి నిలబడ్డారు. బొమ్మ గింజ ఒకటి చూపించి, ఇది ఎలా ఉంటుందో, ఎక్కడ పడే అవకాశముందో వాళ్ల మాటల్లోనే చెప్పాను. ఐసోటోపు, న్యూట్రాన్ అనే మాటలు వాడలేదు. తలగుడ్డ చుట్టుకున్న ఒక మనిషి అడిగాడు.

"అట్లాంటిది కనపడితే మేమేం చెయ్యాలమ్మా?"

"ముట్టుకోవద్దు. దూరం పోండి. కేకెయ్యండి."

"అంతేనా?"

"అంతే."

ఇన్నేళ్ల ఉద్యోగంలో కేంద్రకాల గురించి చాలా చదివాను, చాలా లెక్కలు కట్టాను. కొలిచి ఇస్తే అదే గామా కిరణం మందవుతుంది, మా గదిలో వేలమంది దానివల్ల బతికారు. దాన్ని నేను ఎన్నడూ తిట్టలేదు. నేను తిట్టుకునేది ఆ మూడు మాటలు తెలిసీ చెప్పనివాళ్లను. అవి చెప్పడానికి చదువు అక్కర్లేదు, ఖర్చు లేదు, ఒక్క ఊపిరి చాలు. నాయుడుపేట దాటాక ఆ సైటులో పనిచేసిన అన్ని నెలల్లో, మునిరత్నానికి ఆ ఒక్క ఊపిరి ఖర్చు పెట్టినవాడు లేడు.